తేడాల మాస్టారి పక్క సీటు

రెండు ఇంగ్లీషు మాటలకి ఒకటే అర్థం అని ఎవరైనా అంటే చాలు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు భోజనం మధ్యలోంచి లేచి వచ్చి అయినా సరే వాదనకి దిగుతారు. ఆయన కంటికి ఏ ఇంగ్లీషు మాటా ఒంటరిగా కనిపించదు. ప్రతి మాటకీ ఒక తోడికోడలు ఉంటుందనీ, చూడ్డానికి ఇద్దరూ ఒకేలా ఉన్నా లోపల ఒకరంటే ఒకరికి పడదనీ, వాళ్ళ మధ్య తగవు తీర్చడానికే తాను ఈ భూమ్మీద పడ్డాననీ ఆయన గట్టి నమ్మకం. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ తేడాల మాస్టారే.

ఒకసారి ఆయన భార్య టీ చేతికిచ్చి, "హాట్‌గానే ఉందా?" అని పొరపాటున అడిగింది. హాట్‌కీ వార్మ్‌కీ తేడా ఏమిటో ఆయన వివరించి ముగించేసరికి టీ ఆ రెండూ కాకుండా పోయింది. ఇంకోసారి క్షవరం దుకాణంలో, "కట్ చేసెయ్యనా మాస్టారూ?" అన్నాడు దుకాణం అతను. "కట్టా, ట్రిమ్మా?" అన్నారీయన. ఆ పూట దుకాణంలో ఉన్నవాళ్ళంతా సగం గడ్డాలతో, సబ్బు నురగతో కూర్చుని ఆ తేడా పూర్తిగా తెలుసుకున్నాకే లేచారు. బస్సులో ఎవరో ఆయన కాలు తొక్కి "సారీ" అంటే, తొక్కిన కాలు తియ్యనివ్వకుండానే, "సారీయా, ఎక్స్‌క్యూజ్ మీయా? ముందు అది తేల్చండి" అన్నారట.

అలాంటి మాస్టారి పక్కన కూర్చుని కారు నేర్చుకోవలసిన రాత నర్సమ్మకి పట్టింది.

నర్సమ్మ అంటే నర్సే. ఆస్పత్రిలో కూర్చునే నర్సు కాదు. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి, ఇంజక్షన్లు వేసి, వాళ్ళ కబుర్లన్నీ విని వచ్చే నర్సు. సూది బయటికి తియ్యగానే కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కాలు చదివే మాజీ పహిల్వాను ఆవిడ పేషెంటు. కట్టు మార్చినంతసేపూ కోడలి మీద చాడీలు చెప్పి, అయిపోగానే, "నర్సమ్మకి టీ పెట్టమ్మా" అని ఆ కోడల్నే ముద్దుగా పిలిచే పెద్దావిడ ఆవిడ పేషెంటే. ఇన్నాళ్ళూ ఈ ఇళ్ళన్నిటికీ బస్సుల్లోనే తిరిగింది. ఇప్పుడు ఆస్పత్రి వాళ్ళు చిన్న కార్లు కొన్నారు. నెలాఖరుకి లైసెన్సు తెచ్చుకున్న వాళ్ళకే ఇళ్ళ డ్యూటీ అన్నారు. తెచ్చుకోలేని వాళ్ళు ముందు హాల్లో కూర్చుని టోకెన్లు ఇవ్వాలి. జీతం అదే, కుర్చీ మెత్తనిది, పైన ఫ్యాను కూడా ఉంది. తోటి నర్సులు, "నీ అదృష్టం పండిందే" అన్నారు. నర్సమ్మ మాత్రం ఇంటికి వచ్చి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది.

అలాగని ఆవిడ కారు నేర్చుకోవడానికి ప్రయత్నించలేదనుకునేరు. మొదట మొగుడే నేర్పాడు. నేర్పిన మొదటి రోజే ఇంటి గేటు వంగింది, కారు ముందు భాగం వంగింది. "బ్రేకు! బ్రేకు అంటే బ్రేకు కాదా!" అని అతను అరిచిన అరుపుకి వీధి చివర టైలరు కుట్టు ఆపి బయటికొచ్చి చూశాడు. ఆ రోజు నుంచీ స్టీరింగు ముందు కూర్చోగానే నర్సమ్మ కాళ్ళు వాటంతటవే వణకడం నేర్చుకున్నాయి. ఎంతమందికో చెయ్యి వణక్కుండా సూది గుచ్చిన మనిషి, ఒక ఇనప పెడలు ముందు పసిపిల్ల అయిపోయేది.

మొదటి పాఠం రోజున మాస్టారు పక్క సీట్లో సర్దుకుని కూర్చున్నారు. నేర్పే బండి కాబట్టి ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. వాటిని చూశాక నర్సమ్మకి పోయిన ప్రాణం కొంచెం తిరిగొచ్చింది.

"ఊఁ, స్టార్ట్ చెయ్యండమ్మా," అన్నారు మాస్టారు.

ఆవిడ తాళం మీద చెయ్యి వేసింది.

"ఆగండి. స్టార్ట్‌కీ బిగిన్‌కీ తేడా తెలుసా?"

"తెలీదండీ."

"ఇంజను స్టార్ట్ అవుతుంది. ఎప్పుడైనా బిగిన్ అవగా చూశారా? చూడరు. పాఠం మాత్రం బిగిన్ అవుతుంది, స్టార్టూ అవుతుంది. అంటే ఏమిటి? స్టార్ట్ పిలిస్తే ఎక్కడికైనా వస్తుంది పాపం. బిగిన్‌కి పట్టింపు ఎక్కువ. నూనె మరకలున్న చోటికి రానంటుంది."

"మరి ఇప్పుడు నన్ను ఏది చెయ్యమంటారు?"

"రెండూ చెయ్యండి. పోనివ్వండి."

ఆ రోజు కారు కదిలింది. ఎలా కదిలిందో నర్సమ్మకి తెలియదు. పట్టింపులున్న ఆ బిగిన్ గురించే ఆలోచిస్తూ ఉండగా వీధి చివర వచ్చేసింది.

ఇక రోజూ ఇదే వరస. వెనక నుంచి ఎవరో హారన్ కొడితే ఆవిడ గుండె జారిపోయేది. మాస్టారు తాపీగా, "అది సౌండా, నాయిసా?" అనేవారు.

"ఏదో ఒకటి లెండి మాస్టారూ, ఆ లారీవాడు తిడుతున్నాడు!"

"ఏదో ఒకటి ఎలా అవుతుంది? సౌండంటే ఉత్త చప్పుడు. మనకి అక్కర్లేని చప్పుడు నాయిసు. మన ఇంట్లో పిల్లాడు డప్పు కొడితే సౌండు, పక్కింటి పిల్లాడు కొడితే నాయిసు. ఆ లారీ హారను లారీవాడికి సౌండు, మీకు నాయిసు. మీకు అక్కర్లేనిది మీరెందుకు పుచ్చుకుంటారు? రెండో గేరు వెయ్యండి."

ఆవిడ అద్దంలోకి చూసి కూడా పక్కకి దూసుకొచ్చిన సైకిలుని గమనించకపోతే, "లుక్ చేశారమ్మా, సీ చెయ్యలేదు" అని ఆ రెండింటి పుట్టుపూర్వోత్తరాలూ ఎత్తుకునేవారు. ఆవిడ భయమేస్తోందంటే, "భయమంటే ఫియరా, వర్రీయా? లారీ ఎదురుగా ఉంటే ఫియర్. లారీ వస్తుందేమో అనుకుంటే వర్రీ. రోడ్డు చూడండి, ఏముంది? ఒక కుక్క ఉంది, అదీ పడుకుని ఉంది" అనేవారు.

పాఠం నుంచి ఇంటికొచ్చేసరికి నర్సమ్మకి తల వాచిపోయేది. "క్లచ్చు నేర్పమంటే ఇంగ్లీషు నేర్పుతున్నాడు మహానుభావుడు" అని అత్తగారి దగ్గర విసుక్కునేది. అత్తగారికి ఇంగ్లీషు రాదు గాని, తగవులంటే మహా ఇష్టం. తోడికోడళ్ళ తగవని తెలిశాక ఇక ఆవిణ్ణి పట్టడం ఎవరి తరం? సాయంత్రం కోడలు గుమ్మం ఎక్కీ ఎక్కకముందే, "ఇవాళ ఎవరెవరికి తగవు పడిందే?" అని ఎదురొచ్చేది. విన్నదాన్ని మర్నాటికల్లా కొడుకు మీద వాడేసేది. "ఒరేయ్, నేను పిలిస్తే హియర్ చేస్తున్నావు, లిజన్ చెయ్యడం లేదు" అని ఆవిడ అంటే, పేపరు చదువుకుంటున్న కొడుకు బిత్తరపోయి చూశాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఆ ఎత్తు సిగ్నలు ఒక్కటీ లేకపోతే. ఊరి మధ్య వంతెన ఎక్కే చోట, సరిగ్గా ఎత్తులో, ఒక సిగ్నలు పెట్టారు. ఎర్ర లైటు పడితే అక్కడ ఆగాలి. పచ్చ లైటు పడగానే కదలాలి. క్లచ్చు ఒక్క పిసరు తేడాగా వదిలితే బండి వెనక్కి జారుతుంది. వెనక ఎప్పుడూ ఏదో ఒక పెద్ద వాహనం మూతి ఆనించి నిలబడే ఉంటుంది. లైసెన్సు పరీక్షలో కూడా అక్కడికే తీసుకెళ్తారని అందరూ చెప్పుకునేవారు. మొదటిసారి నర్సమ్మ అక్కడ కళ్ళు మూసేసుకుంది. బండి జారబోయింది, మాస్టారు తన కాళ్ళ దగ్గర బ్రేకు తొక్కి ఆపారు. రెండోసారి ఇంజను ఆగిపోయింది. మూడోసారీ ఆగింది. వెనక బస్సు, దాని వెనక ఇంకో బస్సు, అందులోంచి ఒక పెద్దమనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, "దిగి తొయ్యమంటారా?" అని అడిగాడు.

వంతెన దాటాక నర్సమ్మ బండి పక్కకి తీసి ఆపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా వల్ల కాదు మాస్టారూ. ఇంక నేను రాను."

"నెలాఖరు దగ్గరకొచ్చింది కదమ్మా. లైసెన్సు రాకపోతే ఏమవుతుంది? జాబ్ పోతుందా?"

"జాబ్ పోదండీ," అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "వర్క్ పోతుంది. జాబ్ ఎక్కడికీ పోదు, మెత్తటి కుర్చీలో కూర్చునే ఉంటుంది. ఆ పెద్దావిడ కట్టు ఇంకెవరో మారుస్తారు. వాళ్ళు ఆవిడ మాటలు వింటారో వినరో. పహిల్వాను ఎక్కాలు పూర్తయ్యేదాకా ఆగకుండా పొడిచేస్తారు."

మాస్టారు నోరు తెరిచారు. మళ్ళీ మూశారు. రెండు మాటలు చెవిన పడ్డాక ఆయన ఏమీ అనకుండా ఉండిపోవడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. ఆఖరికి, "బండి తియ్యండమ్మా. వంతెన మీదికి మళ్ళీ పోదాం" అన్నారు.

అక్కడి నుంచీ మాస్టారి జబ్బు ముదిరింది. రోజూ ఎత్తు సిగ్నలు దగ్గర పడగానే, సరిగ్గా అప్పుడే, ఆయనకి ఎక్కడలేని తేడాలూ గుర్తొచ్చేవి. అంతకు ముందు ఒక్క మాటతో తేలిపోయే తగవులు ఇప్పుడు వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగేవి. పైగా ఉత్తినే చెప్పి ఊరుకునేవారు కాదు, జవాబు చెప్పమనేవారు. చెబితే తప్పనేవారు. నర్సమ్మకి ఒళ్ళు మండి ఎదురు వాదించేది. వాదిస్తూ వాదిస్తూ చూసుకుంటే బండి వంతెన దిగిపోయి ఉండేది. "ఇవాళ కూడా ఆయనే తొక్కి దాటించారు" అనుకునేది. పక్కకి తిరిగి చూసే ధైర్యం మాత్రం లేదు. బండి నడిపినంతసేపూ ఆవిడ మెడ పట్టీ వేసినట్టు బిగుసుకుపోయి, రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా చూపు ఉండేది కాదు.

పరీక్ష రోజు వచ్చింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "ధైర్యంగా వెళ్ళిరా. వాళ్ళెవరైనా ఏమన్నా అంటే రెండు మాటలు అడుగు, వాళ్ళే దార్లోకొస్తారు" అని సలహా ఇచ్చింది. నర్సమ్మ బండి ఎక్కింది. పరీక్ష జరిగే మైదానానికి దారి ఎత్తు సిగ్నలు మీదుగానే.

"ఫేమస్‌కీ పాపులర్‌కీ తేడా చెప్పండి," అన్నారు మాస్టారు, ఎర్ర లైటు పడగానే.

"ఈ పూట వదిలెయ్యండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను."

"దణ్ణానికి రెండు చేతులూ కావాలి. స్టీరింగు వదలకండి. చెప్పండి."

"రెండూ ఒకటే. నలుగురికీ తెలిసినవాళ్ళు."

"తప్పు! నలుగురికీ తెలిస్తే ఫేమసు. నలుగురికీ నచ్చితే పాపులరు. దోమ ఉంది. దోమ ఫేమసు. పాపులరా?"

"మరి మా అత్తగారో?"

"మీకా, వీధికా?"

"వీధికే అనుకోండి."

"వీధికి రెండూను. మీ సంగతి మీరు చెప్పాలి."

"నాకు... పొద్దున ఫేమసు, సాయంత్రం పాపులరు," అంది నర్సమ్మ. మాస్టారు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. మైదానం గేటు వచ్చేసింది.

గేటు లోపల బండి ఆపి ఆ మైదానాన్నీ, గోడ దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరునీ చూడగానే ఆవిడ నవ్వు ఎగిరిపోయింది. ఇన్‌స్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో అప్పు అడుగుతారేమో అన్నంత బిగువుగా ఉన్నాడు.

"నేను వెళ్ళను మాస్టారూ," అంది. "అందరినీ మోసం చెయ్యడం ఎందుకు? ఇన్నాళ్ళూ బండి నడిపింది నేను కాదు, మీ కాళ్ళు. మీ సీట్లో కూర్చున్నా ఆ మనిషి నాకోసం కాలు కదుపుతాడా? వంతెన మీద ఎవరు తొక్కుతారు నాకు?"

"ముందు దిగి, గాలి పీల్చుకుందాం పదండి," అన్నారు మాస్టారు.

ఆవిడ దిగింది. ఆయన దిగలేదు.

"రండి."

"వస్తాను. మీరు పదండి."

"దిగరేం?"

"దిగుతానమ్మా. కాస్త... వ్యవధి పట్టేట్టుంది."

నర్సమ్మకి అనుమానమొచ్చి బండి చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన వైపు తలుపు తీసింది. మాస్టారు సీటు మీద బాసింపట్టు వేసుకుని, పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. చెప్పులు వెనక సీటు కింద ఎక్కడో ఉన్నాయి. ఆయన దగ్గరి క్లచ్చు మీదా బ్రేకు మీదా సన్నగా దుమ్ము పేరుకుని ఉంది.

"ఇదేమిటి మాస్టారూ?"

"తిమ్మిరెక్కింది. కదల్లేకపోతున్నాను. ఇంగ్లీషులో దీన్ని నంబ్ అంటారు. నంబ్‌కీ స్టిఫ్‌కీ ఒక చిన్న..."

"నోరు ముయ్యండి!" అంది నర్సమ్మ. పేషెంట్లని తప్ప ఆవిడ ఎవరినీ ఆ గొంతుతో అనలేదు. ఆయన పాదం అందుకుని, మడమ నుంచి పిక్క దాకా రుద్దడం మొదలుపెట్టింది. "ఎప్పట్నుంచి ఇలా కూర్చుంటున్నారు?"

"ఇవాళ కొంచెం ఎక్కువసేపైంది లెండి."

"ఇవాళ్టి సంగతి కాదు నేనడిగింది."

మాస్టారు దిక్కులు చూశారు. తప్పించుకుందామంటే కాళ్ళు రెండూ ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి.

"మీరు వర్కు పోతుందన్నారే, ఆ మర్నాడు," అన్నారు నెమ్మదిగా. "అంతకు ముందు ఒకట్రెండు చోట్ల తొక్కాను. ఆ తర్వాత నేను తొక్కింది లేదు. మొదట్లో కాళ్ళు కిందే ఉంచి ఊరుకున్నా. తర్వాత పైన పెట్టుకున్నా. కింద ఉంటే పాడు కాళ్ళు అలవాటు కొద్దీ తొక్కేస్తాయి. మీరు నాతో దెబ్బలాడుతున్నంతసేపూ దివ్యంగా నడుపుతారమ్మా. మీ మాటలు మీరు వినడం మొదలెట్టారంటే బండి ఆగిపోతుంది. అందుకని మిమ్మల్ని మీకు వినపడనివ్వలేదు."

నర్సమ్మ రుద్దడం ఆపేసింది.

"అంటే ఆ బిగినూ స్టార్టూ, దోమలూ అత్తగార్లూ, అదంతా నాటకమా?"

"నాటకమా!" మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "తేడాలు తేడాలేనమ్మా! వాటితో ఆటలా? కాకపోతే ఎవరికి ఎక్కడ ఎంత పొయ్యాలో చూసుకుని పోస్తాను. దూకుడు కుర్రాళ్ళకి ఇదే మందు. విసుక్కుంటూ స్పీడు తగ్గిస్తారు."

ఆవిడకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన మీద బోలెడంత ప్రేమ కూడా వచ్చింది. రెండో పాదాన్ని కొంచెం గట్టిగానే రుద్ది, ఆయన కుయ్యిమన్నాక, ఆయన్ని గోడ వారగా నిలబెట్టి, ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ బండిలోనే మాస్టారి సీట్లో కూర్చుని తలూపాడు. అంతే. తిప్పమని చెయ్యి చూపిస్తే తిప్పింది. ఆపమంటే ఆపింది. వంతెన దగ్గర పడింది. ఎర్ర లైటు. వెనక పెద్ద లారీ. బండిలో ఎక్కడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో నర్సమ్మకి తన మాటలు తనకి వినపడడం మొదలైంది. నీ వల్ల కాదు, జారిపోతావు, రేపట్నుంచి టోకెన్లే.

"సార్, ఒక మాట," అంది.

"టెస్టులో మాట్లాడకూడదు. రూల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రూలా సార్, లానా?"

ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. "రూలే."

"అయితే ఫరవాలేదు. రూలంటే ఇంట్లో మా అత్తగారు కూడా పెడుతుంది. తనే తీసేస్తుంది. లా అయితే ఆవిడా నేనూ ఇద్దరం భయపడాలి."

"అలా ఎలా కుదురుతుందమ్మా? రూలుకీ విలువుంటుంది. ఇప్పుడు ఆఫీసుకి వేళకి రావడం రూలు..."

"మీరు వేళకే వస్తారా?"

"నా సంగతి వదిలెయ్యండి. సూత్రం చెప్తున్నాను. లా అనేది..."

లా అనేదేమిటో చెబుతూ చెబుతూ ఇన్‌స్పెక్టరు చేతులు తిప్పాడు, ఉదాహరణలిచ్చాడు, ఒకచోట తన మాటని తనే ఖండించుకున్నాడు. ఆఖరికి ఊపిరి తీసుకోవడానికి ఆగి కిటికీలోంచి చూశాడు.

"ఎత్తు సిగ్నలు ఏదీ?"

"ఎప్పుడో దాటేశాం సార్."

ఇన్‌స్పెక్టరు ఆవిడ కాళ్ళ వంకా వంతెన వంకా మార్చి మార్చి చూశాడు. "ఆ మాస్టారి దగ్గర నేర్చుకున్నారా?"

"అవునండీ."

"అనుకున్నాను. పోయినవారం ఆయన దగ్గర్నుంచి వచ్చిన మనిషి, బండి ఆపమంటే ఆపి, స్టాపా, పాజా అని నన్నడిగాడు. రాత్రి మా ఆవిడకీ నాకూ దాని మీద పెద్ద గొడవ." బండి మైదానంలోకి తిరిగి వచ్చాక నిట్టూర్చి, "పాస్. వెళ్ళండి" అన్నాడు.

గోడ దగ్గర మాస్టారు ఒక కాలు విదిలించుకుంటూ నిలబడి ఉన్నారు. ఆవిడ మొహం చూడగానే ఆయనకి సంగతి తెలిసిపోయింది. బండి దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం ముందు తలుపు మీద చెయ్యి వేశారు. ఏమనుకున్నారో, చెయ్యి తీసేసి వెనక తలుపు తెరిచి, వెనక సీట్లో కూర్చున్నారు.

"అక్కడెందుకు మాస్టారూ?" అంది నర్సమ్మ.

"ముందు నాకు పనేముందమ్మా ఇంక?"

ఆవిడ బండి తీసింది. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. వెనక నుంచి ఒక్క మాట లేదు. ఏ మాట ఎత్తుకుంటారో, ఏమని ఎదురు చెప్పాలో సిద్ధంగా కూర్చుంది. ఎంతకీ రాకపోయేసరికి, ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి అద్దంలోకి చూసింది. మాస్టారు తల వెనక్కి వాల్చి, కాళ్ళు బారజాపుకుని, నోరు కొంచెం తెరిచి, హాయిగా గుర్రు పెడుతున్నారు.

వంతెన మీద ఎర్ర లైటు పడింది. నర్సమ్మ మెల్లిగా, కుదుపు లేకుండా ఆపింది. పచ్చ లైటు పడింది. ఆవిడ క్లచ్చుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వదులుతోంది. ఇంతలో వెనక బస్సు గట్టిగా హారన్ కొట్టింది. నర్సమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సు డ్రైవరు వంక గుడ్లురిమి చూసి, నోటి మీద వేలు పెట్టింది.

"ఉష్! మా మాస్టారు నిద్రపోతున్నారు."